శోకంలో అన్న మాటకు పగ లేదు

మొన్న ఆదివారం జనగామలో మేం వెళ్లే చర్చిలో పాస్టరుగారు నాలుక మీద ప్రసంగం చేశారు. కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు, మాట తేనె. ముఖస్తుతి చేసే పెదవులంటే దేవునికి అసహ్యమట. మోసపు నాలుక కన్నా మూసిన నోరు మేలట. వేలు పెదవుల మీద ఆనించి చూపించాడు కూడా. పిల్లలంతా అలాగే వేళ్లు పెట్టుకుని కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది. లేచి బయటికి వచ్చి చెప్పుల దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. కోడలు పరుగెత్తుకొచ్చి, "అత్తమ్మా, షుగర్ పడిపోయిందా ఏంది?" అంటూ చేతిలో బిస్కెట్ పెట్టింది. పడిపోయింది షుగర్ కాదమ్మా అనబోయి, ఎందుకొచ్చిన గొడవ అని బిస్కెట్ తిన్నాను.

అలా పెదవుల మీద వేలు పెట్టి చూపించడం చిన్నప్పుడే చూశాను. అప్పటి పాస్టరుగారు వేరు, ఊరు వేరు. ఆ వేలు మా నాయినమ్మ నోరు మూయించింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

మాది ములుగు ఘనపూర్ అవతల పల్లె. ఊరి చివర మా వాడ, వాడ చివర రేకుల చర్చి. ఎండలు ముదిరే ఆ రోజుల్లో మిరప ఏరే పని, ఈస్టరుకు ముందు శ్రమల దినాల ప్రార్థనలు రెండూ కలిసి వచ్చేవి. చర్చి పక్కనే మిరప ఆరబోసే కల్లం. గాలి ఇటు మళ్లిందంటే ప్రార్థన మధ్యలో వాడంతా తుమ్మేది. పాస్టరుగారి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే భక్తి అనుకునేదాన్ని. ఘాటు అని తర్వాత తెలిసింది. ఆయనది గుంటూరు వైపు. "అమ్మా, రండమ్మా, కూర్చోండమ్మా" అంటుంటే మా వాళ్లు మురిసిపోయేవారు. మా వాడ ఆడవాళ్లను అంతకుముందు ఎవరూ 'అండి' అన్న పాపాన పోలేదు మరి.

మా నాయినమ్మ పొట్టి మనిషి. దవడలో ఎప్పుడూ పోకచెక్క. ఆమె దగ్గర పోక వాసన, కుసుమ నూనె వాసన, సర్వపిండి మాడిన వాసన కలిసి వచ్చేవి. ఆ మాడిన అంచు నాకోసమే ఉంచేది. ఆమెకు ఊళ్లో ఒక పేరుంది. ఎవరింట్లో చావు జరిగినా ముందు కబురు మా ఇంటికే వచ్చేది. నాయినమ్మ వెళ్లి శోకం తీయాలి. అంటే పీనుగు తల దగ్గర కూర్చుని, రాగం తీస్తూ మాటలు కట్టి ఏడవాలి. ఆమె గొంతు లేచేదాకా మిగతా ఆడవాళ్ల ఏడుపుకు ఊపు వచ్చేది కాదు.

కబురు వచ్చినా ఆమె కంగారు పడేది కాదు. ముందు గిన్నెడు జొన్న గట్క, మీద ఇంత మిరపకాయ తొక్కు వేసుకుని తినేది.

"మనిషి సచ్చిపోతె నువ్వు తింటున్నవేందే?" అని అడిగితే, "కడుపుల ఇంత లేకుంటె గొంతెట్ల లేస్తది పిల్లా?" అనేది.

చావు ఇంటికి కూడా నేరుగా వాకిట్లోంచి పోయేది కాదు. వెనక నుంచి వంటింట్లోకి దూరి ఆడవాళ్లను అడిగేది. పోయినాయన ఏం తినేవాడు, ఎవరిని కొట్టేవాడు, ఎవరికి ఏం పెట్టకుండా పోయాడు. అన్నీ విని, కొంగు నడుముకు చెక్కి, అప్పుడు వచ్చి కూర్చునేది.

శోకానికి ఒక వరుస ఉంది. ముందు పొగడాలి. ఆ ఇంటి గడపని, గొడ్లని, వంటని, చనిపోయిన మనిషి మీసాన్ని కూడా. అలా పొగిడాక ఇక ఆమెను ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. అప్పుడు అసలు సంగతి మొదలయ్యేది. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఎవరూ నోరెత్తనిది, అందరి ముందు, ఏడుపులోనే బయటికి వచ్చేది. ఎంత పెద్దింటివాడైనా తల వంచుకుని వినాల్సిందే. శోకంలో అన్న మాటకు పగ లేదు. అయితే అది మట్టి పడేదాకానే. గుంతలో మొదటి మట్టి పడ్డాక అదే మాట అంటే కొట్లాటే, పంచాయితీయే.

మాకు అదంతా ఆట. వేపచెట్టు కింద ఒకరిని పడుకోబెట్టి నేను నాయినమ్మలాగ కొంగు చెక్కుకుని శోకం తీసేదాన్ని. ఒకసారి ఆమె చాటుగా విని, తిడుతుందనుకుంటే, "గట్ల గాదే, దమ్ము ఇడిసి మల్ల ఎత్తుకోవాలె. ఒక్క గుక్కల ఏడుస్తె నువ్వే సస్తవ్" అని రాగం సరిదిద్దింది.

ఒక ఎండాకాలం మా మేనత్త అత్తగారింటి నుంచి వచ్చింది. నాయినమ్మకు ఒక్కతే కూతురు. మహదేవపూర్ వైపు, గోదావరి దగ్గరి ఊళ్లో ఇచ్చారు. అదీ మాలాగే ప్రార్థన చేసుకునే ఇల్లే. ఆమె మామగారు అక్కడ సంఘ పెద్ద. చర్చి కప్పు ఆయన వేయించిందే. అత్త ఎడమ చేతికి వెదురు బద్దల కట్టు ఉంది. ఏమైందంటే బర్రె తోసిందని చెప్పింది. వస్తూ మాకు గోదారి ఇసుకలో పండిన పుచ్చకాయ తెచ్చింది. ఒంటి చేత్తోనే రాయికేసి పగలగొట్టి, "తినుండ్రి రా దొంగలూ" అంది.

మా చావు ఆట చూసి పడీ పడీ నవ్వింది. పీనుగుగా పడుకున్న మా తమ్ముణ్ణి చీమ కుట్టి లేచి గెంతుతుంటే, "లేరా, నీకు సచ్చుడు గూడ సాతగాదు. నేను పండుకుంట సూడు" అని చాప మీద పడుకుని కళ్లు మూసుకుంది. "ఏడువే పిల్లా. మా అత్తగారింటి ముచ్చట గూడ రావాలె."

నేను కొంగు చెక్కుకుని మొదలుపెట్టాను. ఆమె ఇంటిని పొగిడాను, గోదారిని పొగిడాను, పుచ్చకాయనూ పొగిడాను. ఆ తర్వాత వరుస ప్రకారం, "నీ సేతితోని గడ్డేసిన బర్రె నీ సెయ్యే ఇరగ్గొట్టె, నా అత్తా" అని రాగం తీశాను.

అత్త కళ్లు తెరవలేదు. "బర్రె గాదే" అంది, మెల్లగా.

నాయినమ్మ అప్పుడే చాటతో గడప దాటుతోంది. చాట దించి, "థూ, మీ ఆటల మన్నువడ, లెవ్వుండ్రి" అని మమ్మల్ని తరిమింది. తర్వాత చాలాసేపు తల్లీ కూతుళ్లు గోడ నీడకు కూర్చుని మాట్లాడుకున్నారు. నాయినమ్మ అత్త వీపు మీద చెయ్యి వేస్తే అత్త ఉలిక్కిపడి జరగడం నేను చూశాను.

అత్తకు తోడబుట్టిన మా బాపు ఆమెను వెంటబెట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లాడు. గట్టిగా అడుగుతానని వెళ్లినవాడు కోడికూర తిని వచ్చాడు. "మంచిగనే మాట్లాడిండ్రు. బిడ్డలెక్క సూసుకుంటమన్నరు" అన్నాడు, ఎవరి మొహం చూడకుండా. అమ్మ చేతిలో చెంబు కింద పడేసింది. వెళ్లే ముందు అత్త నాయినమ్మతో అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను. "బతికుండంగ ఎవ్వలు ఇంటలేరవ్వా. నేను పోయిన్నాడన్న జెప్పు, ఊరంత ఇనేటట్టు." నాయినమ్మ ఆమె మూతి మీద ఒక్కటి వేసి, మళ్లీ అదే మూతిని ముద్దు పెట్టుకుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మా ఊరి పటేలు పోయాడు. మామిడి తోట, రెండు బావులు, ఇంత మీసం. నాయినమ్మ వెళ్లి శోకం తీసింది.

"నీ వాకిట్ల కోడెలు రంకెలేసె, నా అయ్యా
నీ వంటింట్ల పాలు పొంగె, నా అయ్యా"

ఆ ఇంటివాళ్లను పరామర్శించడానికి వచ్చిన మా పాస్టరుగారు గేటు దగ్గర నిలబడి ఇంతవరకే విన్నారు. బాధగా తల ఊపుకుంటూ వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక నాయినమ్మ ఎత్తుకున్నది ఇది.

"పాలు పొంగిన ఇంట్ల నీ ఇల్లాలు గంజి తాగె, నా అయ్యా
గరిసె తాళం నీ మొలతాడుకుంటె ఆమె ఏమొండాలె, నా అయ్యా"

గరిసె అంటే వాళ్ల వడ్లు పోసుకునే కొట్టు. అప్పటిదాకా బొమ్మలాగ కూర్చున్న పటేలు భార్య ఒక్కసారి గొల్లుమంది. పెద్ద కొడుకు మొహం మాడ్చుకుని, తండ్రి మొలతాడు నుంచి తాళం విప్పి, అందరూ చూస్తుండగా తల్లి చేతిలో పెట్టాడు. ఇది నేను కళ్లారా చూశాను. మా పాస్టరుగారు చూడలేదు. ఇంకొంచెం సేపు ఆ గేటు దగ్గర నిలబడి ఉంటే మా ఇంటి కథ వేరేగా ఉండేది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన నాలుక మీద ప్రసంగం చేశారు. ఎవరి పేరూ ఎత్తలేదు, కానీ అందరికీ తెలుసు. "మనసులో లేని పొగడ్త నోట పలకడం మోసమమ్మా. చీర పెడతారని, గింజలు పెడతారని దుర్మార్గుణ్ణి దేవుడంతటివాడు అనడం నాలుకను అమ్ముకోవడం కాదా? దేవుడిచ్చిన నోరు కదా అది" అన్నారు. అంటూ వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. ఈసారి కల్లం గాలి లేదు, నిజంగానే ఏడ్చారు.

నాయినమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఆమె ఎప్పుడూ లేచేది కాదు. "అయ్యగారు జెప్పింది నిజమే. పటేలింట్ల పాలు పొంగినయని అన్న. ఆ ఇంట్ల పాలు పొంగిందెన్నడు లేదు. ఇయ్యాల్టి సంది నేను శోకం తియ్య. దేవుని ముందు జెప్తున్న" అంది. పాస్టరుగారు దిగివచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఇంటికొచ్చాక బాపు గింజుకున్నాడు. "అవ్వా, నువ్వెన్నడు అబద్ధమాడినవే? ఉన్నదే గద అంటవు."

"ఎనుక ఉన్నదే అంట బిడ్డా. ముంగట పొగుడుత గద, గది అబద్ధమే గద" అంది ఆమె. "పెద్దమనిషి, మనల మనుషులలెక్క సూశేటోడు. ఆయన ముందు దొంగలెక్క బతుకుమంటవా?"

అందులో తప్పెక్కడుందో ఇప్పుడు నేనైనా చెప్పగలనో లేదో.

మిరప చివరి ఏరుడు రోజుల్లో, మధ్యాహ్నం పూట, చేనులోకి కబురు వచ్చింది. మేనత్త బావిలో పడిందట. నీళ్లు చేదబోయి కాలు జారిందట. నాయినమ్మ అప్పటిదాకా మిరపకాయలు ఏరుతున్న చేతులతోనే కళ్లు తుడుచుకుంది. ఇక ఆ రోజంతా ఆమె కళ్లు సరిగా తెరవలేకపోయింది. ట్రాక్టరు ట్రాలీలో మా వాడంతా ఎక్కాం. పాస్టరుగారు డ్రైవరు పక్కన కూర్చుని దారి పొడవునా ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

సున్నం వేసిన పెంకుటిల్లు వాళ్లది. సంఘ పెద్ద వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరినీ పలకరిస్తున్నాడు. మామ, అంటే అత్త భర్త, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అత్త చేతికి బద్దల కట్టు లేదు. స్నానం చేయించిన ఆడవాళ్లలో ఒకామె నాయినమ్మ పక్కకు జరిగి చెవిలో అంది, నాకు వినిపించేంతగా. "అవ్వా, నీ బిడ్డ ఈపు సూశినం. బాయిల వడితె గట్ల కాదు. మా నోర్లు లెవ్వయి. నువ్వే జెప్పాలె."

నాయినమ్మ శోకం సంగతి ఆ ఊరికీ తెలుసు. ఏడుస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఏడుపు ఆపారు. మగవాళ్లు కూడా వాకిట్లోకి వచ్చారు. తువ్వాలు వెనక మామ మొహం పాలిపోయింది. నాకు భయం వేసింది, ఆశ కూడా కలిగింది. చెప్పవే నాయినమ్మా, చెప్పు అని లోపల్లోపల అరుస్తున్నాను.

నాయినమ్మ కూతురి తల ఒళ్లోకి తీసుకుంది. "ఓ నా బిడ్డా" అని గొంతెత్తింది. ఆ ఒక్క పిలుపుకే వాకిలి వణికింది.

పాస్టరుగారు వచ్చి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, మనం ఆశ లేనివాళ్లలాగా ఏడవకూడదమ్మా. దేవుని ముందు మాటిచ్చారు కదమ్మా" అని, ఎంతో ప్రేమగా, వేలు తన పెదవుల మీద పెట్టుకున్నారు.

మిరప మంటకు వాచిన కళ్లతో ఆమె ఆయన వైపు చూసింది. తర్వాత కొంగు ఉండ చేసి నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. గుంత దగ్గర మాట్లాడమని సంఘ పెద్ద మా పాస్టరుగారినే అడిగాడు. ఆయన ఆ ఇంట్లో ఎన్నోసార్లు ప్రార్థన కూడికలు పెట్టినవారు, భోజనం చేసినవారు. చావు దగ్గర నలుగురూ అనేదే ఆయనా అన్నారు. ఇది మాదిరి కుటుంబం అన్నారు. భార్యను కంటికి రెప్పలా చూసుకున్న భర్త అన్నారు. ఈ కుటుంబం కన్నీళ్లు దేవుడు తుడుచుగాక అన్నారు. నాయినమ్మ నోట్లో కొంగు అలాగే ఉంది. సంఘ పెద్ద వంగి మొదటి పిడికెడు మట్టి వేశాడు.

ఆదివారం ప్రార్థన అయిపోయాక నాయినమ్మ పాస్టరుగారి ముందు నిలబడింది. రాగం లేదు, ఏడుపు లేదు.

"అయ్యగారూ, ఆ పిల్లగాడు నా బిడ్డను గొడ్డును కొట్టినట్టు కొట్టిండు. ఈపంత వాతలే. ఊరందరికి ఎరుక."

"అమ్మా... నాకు తెలియదమ్మా. దేవునికి తెలుసు."

"దేవునికి ఎరుకనే. జెప్పనీకి నేనుంటి, అయ్యగారూ. నా మాట మీరు తీసుకుంటిరి. మీరేమొ పొగిడి వస్తిరి."

ఆయన చర్చి మెట్ల మీద కూలబడి, "నేను వెళ్లి అడుగుతానమ్మా, అందరి ముందూ ఒప్పుకుంటాను" అన్నారు.

"ఏం ఒప్పుకుంటరు. మట్టి వడ్డది" అని ఆమె ఇంటికి వచ్చేసింది.

ఆయన మాట తప్పలేదు, వెళ్లారు. వాళ్లు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, "మీరు దైవజనులు, ఎవలో మీ మనసు ఖరాబ్ జేశిండ్రు" అని సాగనంపారు. బాపు పెద్దమనుషుల్ని పోగేసి పంచాయితీ పెట్టించాడు. అక్కడ సంఘ పెద్ద ఒక్కటే మాట అన్నాడు. "మీ పాస్టరే గద గుంత కాడ నిలవడి మాది మంచి కుటుంబమని జెప్పిండు. గింతమంది ఇన్నరు. ఇప్పుడు మాటలు మారుస్తరా?" పెద్దమనుషులు తలలూపి లేచారు. వానలు పడకముందే మామకు ఇంకో పిల్లను తెచ్చారు. మా పాస్టరుగారు మరుసటి ఏడాది బదిలీ అయి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు మా ఇంటికి వచ్చి కుక్కి మంచం మీద చాలాసేపు కూర్చున్నారు. నాయినమ్మ ఆయనకు మంచినీళ్లు ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆమె శోకం మళ్లీ తీయలేదు. శోకమే కాదు, మాటే తగ్గిపోయింది. ఊళ్లో చావులు జరిగాయి, ఆడవాళ్లు వచ్చి కాళ్లు పట్టుకున్నారు, ఆమె కదలలేదు. నేర్చుకుందామని నేనూ ఒకటి రెండుసార్లు అడిగాను. "నీకెందుకే, సప్పుడుజెయ్యకుండ బతుకు" అంది. అలా సప్పుడు చేయకుండానే చాలా ఏళ్లు బతికింది. తర్వాత్తర్వాత ఊళ్లో శోకం తీసేవాళ్లే లేకుండా పోయారు. కోడళ్ల వీపుల సంగతి చావు దగ్గర కూడా ఎవరూ ఎత్తడం లేదు.

ఆమె పోయేనాటికి నాకు పెళ్లయి పిల్లలున్నారు. చర్చికి అప్పటికి స్లాబు పడింది, పాస్టరు కొత్తవాడు. వచ్చి ఏడాదైనా కాలేదు పాపం. గుంత దగ్గర నిలబడి, నాలుగు మంచి మాటలు చెప్పాలి కనుక, అందరినీ అడిగి తెలుసుకున్నదే చెప్పాడు. "ఈ తల్లి నెమ్మదికి పెట్టింది పేరు. నోరు తెరిచి ఎన్నడూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. మన ఆడవాళ్లందరికీ ఈమె మాదిరి" అన్నాడు.

ఊరంతా ఆమేన్ అంది.